వలకన్ను

లాసన్స్ బే ఇంటి గేటు మళ్ళీ ఊడింది.
ఉప్పుగాలి ఇనుమును నమలడం మానదు,
ఏటేటా రంగు వేస్తాం, ఏటేటా ఓడిపోతాం.
ఈ ఊళ్ళో తుప్పంటే అందరికీ చిరాకే.
నేను మాత్రం పొద్దున్నే మద్దిలపాలెం వెళ్ళి
తుప్పు బొమ్మ గీస్తాను.

రెండు అల్యూమినియం పొరల నడుమ
పట్టుమని పది అణువుల మందం లేని తుప్పు.
జతకట్టిన ఎలక్ట్రాన్లు
ఆ గోడకి తలుపు లేదని తెలియనట్టే
అవతలికి దాటిపోతాయి.
నా క్యూబిట్‌కి అదే గుండె.
జబ్బు కూడా అక్కడే:
ఆ పొరలో ఎక్కడో ఒక అణువు
రెండు కుర్చీల మధ్య స్థిమితం లేక
అటు జరిగి ఇటు జరుగుతుంది.
అంతే. సున్నాగానూ ఒకటిగానూ ఒకేసారి నిలబడ్డది కాస్తా
చెప్పాపెట్టకుండా కూలిపోతుంది.

మొదటి డిజైను మరీ పిరికిది.
పక్కన ఒక్క ఎలక్ట్రాన్ ఒత్తిగిల్లినా శ్రుతి తప్పేది.
అందుకని లోహపు రెక్కలు వెడల్పు చేశాం.
కాకి వాలితే తెప్ప ఒరుగుతుంది,
పోర్టులో బొగ్గు ఓడకి కాకి సంగతే తెలీదు.
తెప్పని ఓడ చేశాం.

ఫర్హానా గ్రాఫు చూసి, టీ ఊదుకుంటూ అంది:
"బాగానే చెవిటిదైంది.
మరి మన మాట వింటుందా?"

వినదు. సరిగ్గా వినదు.
మెట్లన్నీ దాదాపు ఒకే ఎత్తుకి వచ్చేశాయి.
గట్టిగా పిలిస్తే ఒకటో మెట్టు మీద ఆగక
రెండోదీ ఎక్కేస్తుంది.
మెల్లగా పిలుద్దామంటే
పిలుపు పూర్తయ్యేలోపే ఆయుష్షు చెల్లిపోతుంది.
ప్రపంచానికి చెవులు మూసుకుని
మనకి మాత్రం తెరవమంటే ఎలా?
నాలుగు నెలలు ఆ ప్రశ్న మీదే జీతం తీసుకున్నాను.

వేట నిషేధం రోజులు.
పెద్ద జాలారిపేట ఇసుకలో పడవలన్నీ పక్కకి ఒరిగి ఉన్నాయి.
అర్జిల్లి మసేను కాలిబొటనవేలికి వల తగిలించుకుని
తెగిన కళ్ళు కడుతున్నాడు.
ఏం చేస్తావమ్మా అంటే చెప్పాను, వచ్చినట్టు:
పల్చటి లోహపు రేకు,
అందులో చిన్న చిన్న అయస్కాంతపు సుడులు,
అవి తిరుగుతుంటే నా పని పాడవుతోందని.
నవ్వుతాడనుకున్నాను.
"సుడిని ఆపనేవు.
గుంటొకటి తవ్వీ, అందులో పడుంటాది."

అప్పటికే రేకులో చిల్లులు పెట్టాలని తెలుసు నాకు.
ఎంత చిల్లు, ఎంత దూరంలో, అదే తేలడం లేదు.
నీ వలకి కన్ను ఎంతుండాలో ఎలా తెలుస్తుంది అన్నాను.
"ఏటి పట్టాలో కాదు,
ఏటి ఒగ్గీయాలో ముందు సెప్పు."

ఆ రాత్రి పదకొండు వేల చిల్లులు గీశాను.
తర్వాత ఇంకో పని చేశాం.
అల నెత్తికెక్కిన పడవ
దిగబోయే ముందు ఒక్క క్షణం ఎటూ వాలదు.
క్యూబిట్‌ని ఆ క్షణంలోనే కాపురం పెట్టించాం.
గోల అక్కడికీ వస్తుంది, తోస్తుంది,
జారడానికి వాలు దొరకదు, అంతే.

చిప్పు చల్లటి పీపాలోకి వెళ్ళి
అంకెలు ఇరవై రోజులకి వచ్చాయి.
ఆరింటిలో అయిదు పాత కథే.
ఒక్కటి మాత్రం తొంభై ఒక్క మైక్రోసెకన్లు.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం ఒక చుట్టు తిరిగేలోపు
దాదాపు లక్షసార్లు పుట్టి పోగలదు అది.
మాకు ఇంతకుముందు ఇరవై మూడు.
ఫర్హానా ఆ అంకె చుట్టూ ఎర్రసిరాతో గుండ్రం చుట్టి
పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

ఆదివారం మసేను అడిగాడు, "పడిందా?"
"ఆరింటిలో ఒకటి."
"ఆ ఒక్కటీ ఎలగ కట్టావో గురుతుందా?"
"అన్నీ ఒకేలా కట్టాను."
దారం పళ్ళతో తెంపి
ముడి వేలితో నొక్కి చూసుకున్నాడు.
"అలగ ఎవులూ కట్టనేరమ్మా" అని
తర్వాతి కన్ను వెతుక్కున్నాడు.